బస్సెక్కిన మామిడికాయ కోపం

మా ఊరి చర్చి గంట మీద ఒట్టు, ఈ కథనంలో ప్రతి మాటా నిజం. ఆ గంటకు నా చిన్నప్పుడే బీట పడింది, మోగదు. మోగని గంట మీద ఒట్టు చెల్లదని మా ఊరివాళ్ళు వాదిస్తారు. వాళ్ళ కోసం రెండో ఒట్టు నా కుడిచేతి మీద వేస్తున్నాను. ఈ చెయ్యి ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద దేశాల సరిహద్దులు గీసింది. కొన్ని వంకరగా గీసి ఉండవచ్చు. అబద్ధం మాత్రం గీయలేదు.

నా పేరు దేవదానం. ముదిగొండ దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారిని. నలభై ఎనిమిదో ఏట, పిల్లలు నా కథలు విని విసిగిపోయాక, సెలవు పెట్టి హైదరాబాదులో మానవశాస్త్రం ఎం.ఫిల్.లో చేరాను. "మనుషులను చదవనీకి హైదరాబాదు దాకా పోవాల్నా? మన గల్లీల ఉన్నోళ్ళు మనుషులు గారా?" అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నను సంచిలో పెట్టుకునే బయలుదేరాను. ఈ ప్రయాణం తరువాత ఇంకా గందరగోళమైంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఏప్రిల్ నెల. మేం నలుగురం ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అడవిలోని ఒక కోయ ఊరికి ఐదు రోజుల క్షేత్రపర్యటనకు వెళ్ళాం. ఊరి పేరు చెప్పను. మా శాస్త్రంలో ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ మార్చి రాయడం మర్యాద. నాకు ఈ శాస్త్రంలో మొదట నచ్చింది అదే.

ఖమ్మం బస్టాండు

ముగ్గురం ఖమ్మంలో ఎక్కాం. మా ప్రొఫెసర్ గారిని అందరం పెద్ద సార్ అంటాం. రెండో మనిషి వసంత. సత్తుపల్లి పిల్ల, మాటలో కోస్తా మెత్తదనం, పీహెచ్‌డీ నాలుగో ఏడు. మూడోవాణ్ణి నేను. యాకూబ్ ఇల్లందులో కలవాలి.

పెద్ద సార్ పద్ధతి వేరు. ఊళ్ళోవాళ్ళను ఒక ప్రశ్న అడిగితే, వాళ్ళు అడిగే ఒక ప్రశ్నకు మనం జవాబు చెప్పాలి. రోజూ సాయంత్రం పొద్దు ఉండగానే ఎవరి నోటుబుక్కు వాళ్ళు మిగతావాళ్ళకు చదివి వినిపించాలి. ఒక సంగతి ముగ్గురి నోట వింటే తప్ప సంగతి కాదు. ఆఖరి రోజు మనం రాసుకున్నదంతా ఊరివాళ్ళకే చదివి వినిపించాలి, తప్పులుంటే వాళ్ళు దిద్దుతారు. "మనం పరీక్షకులం కాదు, పరీక్ష రాస్తున్నవాళ్ళం" అనేవారాయన. పేపర్లు దిద్దడం తప్ప రాయడం మరిచిపోయిన నాకు అది వినడానికే ఇబ్బందిగా ఉండేది.

బస్సులో వసంత తన పని గురించి వివరంగా చెప్పిందట. కొత్త పంట గానీ కొత్త కాయ గానీ, ఊరంతా కలిసి దేవతకు పెట్టి 'కొత్తలు' చేసుకునేదాకా అక్కడ ఎవరూ నోట పెట్టరనీ, దాని మీదే తన అధ్యాయమనీ, మనం వెళ్ళేది సరిగ్గా మామిడికాయ కొత్తలకు ముందనీ, అందరం జాగ్రత్తగా ఉండాలనీ. చెప్పిందట అని ఎందుకంటున్నానంటే, నేను అప్పుడు కండక్టరుకు ఒక సంగతి చెబుతున్నాను. ఒకసారి ఇదే బస్సు తప్పిపోతే, అడ్డదారిన పరుగెత్తి బస్సుకంటే ముందే ఇల్లందులో దిగాను.

"గట్లయితే ఇయ్యాల టికెట్టెందుకు తీసుకున్నవ్ సార్? ఉరుకరాదూ?" అన్నాడు కండక్టరు.

చెప్పులు కొత్తవి అన్నాను.

ఇల్లందు

ఇల్లందు బస్టాండులో ఎండ ఎంత ఉందంటే, నా నీడ నన్ను వదిలి బల్ల కిందికి పోయి కూర్చుంది. బొగ్గు ఊరు కదా, గాలిలో నల్లపొడి. రెండు రూపాయల టీ తాగితే ఏది టీ పొడో ఏది బొగ్గు పొడో తెలియలేదు. మా ముదిగొండ వైపు దుమ్ము బట్టలకు అంటుతుంది, ఇక్కడ మాటలకు కూడా అంటినట్టుంది. అందరివీ కాస్త గరుకు గొంతులు.

యాకూబ్ మోటారుసైకిలు మీద వచ్చి మమ్మల్ని కలిశాడు. గని కార్మికుడి కొడుకు. "మా నాయన భూమి కింద ముప్పయ్యేండ్లు చేసిండు సార్. నేను భూమి మీద ఏమున్నదో సూద్దామని ఈ చదువుకొచ్చిన" అన్నాడు, మిరపకాయ బజ్జీ నా చేతిలో పెడుతూ. బజ్జీతో పాటు ఇచ్చిన ఉప్పూకారం పొట్లం నేను జేబులో వేసుకున్నాను. ఆ పొట్లాన్ని మరచిపోకండి. నా పతనానికి సగం కారణం అది.

టేకులపల్లి సంత

టేకులపల్లిలో ఆ రోజు సంత. ఎండుచేపలు, గాజులు, అల్యూమినియం గిన్నెలు, చీపుళ్ళు. ఒక ముసలమ్మ ఇప్పపువ్వు రాశి ముందు కూర్చుని మమ్మల్ని కిందినుంచి పైకి చూసింది.

"ఫారెస్టోళ్ళా?"

"కాదమ్మా."

"దవాఖానోళ్ళా? బ్యాంకోళ్ళా?"

"యూనివర్సిటీ నుంచి వచ్చామండీ. మిమ్మల్ని చూసి నేర్చుకోడానికి" అంది వసంత.

"ఏమన్న ఇస్తరా మరి?"

"ఏమీ ఇవ్వమండీ. ప్రశ్నలు అడుగుతాం."

ముసలమ్మ పక్కామెకు కోయ భాషలో ఏదో చెప్పింది. ఇద్దరూ పడిపడి నవ్వారు. దానికి అర్థం ఏమిటని, కోయ వచ్చిన యాకూబ్‌ను అడిగితే, "మీకు చెప్పేటిది గాదు సార్" అన్నాడు. అప్పటినుంచి ఐదు రోజులూ, ఎవరు కోయలో నవ్వినా నా గురించేననిపించేది. తరువాత తెలిసింది, చాలాసార్లు నిజమేనని.

ఊరు

ముప్పై గడపలుంటాయి. ఇళ్ళు విడివిడిగా, ప్రతి ఇంటికీ దడి, అలికిన వాకిలి. మా ఊళ్ళో ఒకరి గోడ మీద ఇంకొకరి కప్పు ఆనుతుంది, ఇక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఒక చిన్న చేను పడుతుంది. ఊరి పెద్ద కన్నయ్య పటేలు. నా వయసువాడే, మాట తక్కువ. వసంతనూ నన్నూ ముత్తమ్మ అనే పెద్దామె దగ్గర సర్దారు. వసంత ఇంట్లో, నేను బయటి పందిట్లో. ముత్తమ్మకు అరవై దాటి ఉంటాయి. నుదుట పచ్చబొట్టు, నడుము సూటిగా, నవ్వితే మాత్రం చిన్నపిల్ల. యాకూబ్ వాగు అవతలి చిన్న గూడెంలో దిగాడు. పెద్ద సార్ కన్నయ్య ఇంట్లో.

ముత్తమ్మ సొరకాయ బుర్రలోంచి జొన్నజావ వంచి ఇచ్చింది. అడ్డాకు విస్తట్లో అన్నం, ఎండుచేపలతో చింతచిగురు, పక్కన ఎర్రచీమల పచ్చడి. ఆ పచ్చడి నిమ్మకాయకు మేనత్తలా ఉంది. మూడుసార్లు పెట్టించుకున్నాను.

ఆమెకో కోడి ఉండేది. తెల్లగా, ఒళ్ళంతా నల్ల చుక్కలు. దానికి నా గుడ్డసంచి నచ్చింది. తెల్లారి లేచేసరికి దాని మీద కూర్చుని, నేను అద్దెకు దిగినవాణ్ణయినట్టు చూసేది.

పద్ధతి ప్రకారం నేనొక ప్రశ్న అడిగాను: "మీ పెండ్లిళ్ళు ఎట్ల జరుగుతయి?" ముత్తమ్మ చెప్పింది. తరువాత తన వంతు.

"సారూ, మీరు సచ్చిపోయినోళ్ళను పెట్టెల పెట్టి మూత బిగిస్తరంట. అవ్వా?"

"అవును."

"మరి ఆళ్ళకు ఆకలైతే ఎట్ల?"

నేను ఆదివారం బడిలో పదిహేనేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. అయినా నోటుబుక్కులో ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగా ఉంది.

రెండో రోజు: చెట్టు కింద

మధ్యాహ్నం చేను గట్టున నడుస్తున్నాను. మామిడిచెట్టు. కింద పచ్చికాయ ఒకటి, దెబ్బయినా తగలకుండా, గడ్డి మీద ఎవరో పెట్టినట్టు పడి ఉంది. జేబులో ఉప్పూకారం. ఇక నేనేం చేస్తాను చెప్పండి?

సగం తిన్నాక తల ఎత్తితే ఎదురుగా కన్నయ్య, ముత్తమ్మ.

"ఏంది సారూ, కాయ తిన్నవా?" అన్నాడు కన్నయ్య. అరవలేదు. ఇల్లు కాలిందా అని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"కొత్తలు గాలేదు సారూ" అంది ముత్తమ్మ.

అప్పుడు, బస్సులో వసంత గొంతు చెవి అంచున వినపడ్డట్టు గుర్తొచ్చింది. తినవద్దన్న చోట కాయ తింటే ఏమవుతుందో ఆదివారం బడి పంతులుకు ఒకరు చెప్పనక్కర్లేదు. తప్పయింది అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ నా నోరు ఉంది చూశారూ, అది నా కంటే ముందు పరుగెత్తుతుంది.

"మా ముదిగొండల ఒక ఆచారం ఉన్నది పటేలా. కొత్తలకు ముందు, తల నెరిసిన చుట్టం ఒకడు రాలిన కాయ రుచి చూడాలె. దేవతకు ఏమన్న కోపం ఉంటే చుట్టం కడుపుల పడ్తది. ఆయన బస్సెక్కి పోతడు. కోపం గూడ ఆయన ఎంబడే బస్సెక్కి పోతది. ఊరికి ఏం గాదు."

కన్నయ్య ముత్తమ్మను చూశాడు. ముత్తమ్మ నా చేతిలోని సగం కాయను చూసింది.

"అవ్... గట్లనా" అంది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మిగిలిన సగం గట్టున పారేసి, గండం గడిచిందనుకున్నాను. సాయంత్రం వసంత తన నోటుబుక్కు చదువుతూ, ఆ ఉదయమే ముత్తమ్మ చెప్పిన సంగతి వినిపించింది. కొత్తలు కాకముందు తింటే 'తప్పు' కట్టాలి. ఊరికి ఒక కోడి ఇవ్వాలి, అందరి ముందూ నిలబడి, తిన్నది నేనే అని నోటితో చెప్పాలి. "రెండింటిలో ఏది కష్టం అని అడిగితే ముత్తమ్మమ్మ ఏమందో తెలుసా సార్? 'కోడి యాడన్న దొర్కుతది బిడ్డా. నోరే లెవ్వదు' అంది."

పెద్ద సార్ నా వైపు తిరిగారు. "దేవదానం గారూ, మీ పుస్తకంలో మధ్యాహ్నం ఖాళీగా ఉందేం?"

"నిద్రపోయాను సార్."

మూడో రోజు: మూడు నోళ్ళు

ముత్తమ్మ అడ్డాకులతో విస్తళ్ళు కుడుతోంది. నేనూ కుడుతున్నాను. ఆమెవి పది అయ్యేసరికి నాది ఒకటి, అదీ జల్లెడలా. వసంత పరుగున వచ్చింది. చేతిలో సగం కొరికిన మామిడికాయ.

"అమ్మమ్మా, చేను గట్టున దొరికింది. కొత్తలు కాకముందే ఎవరు తిన్నారు?"

నా వేలికి పుల్ల గుచ్చుకుంది. ముత్తమ్మ ఆకు మీదినుంచి కళ్ళు ఎత్తలేదు.

"సుట్టం తిన్నడు బిడ్డా. గట్ల తినాలె. కోపమేమన్న ఉంటే సుట్టంతోని పోతది."

వసంత కళ్ళు ఎలా వెలిగాయో చెప్పాలంటే నాకు ఇంకా రెండు ఒట్లు కావాలి. ఆ పిల్లకు ఆ జూన్‌తో ఫెలోషిప్ ఆఖరు. తిరిగి వెళ్ళగానే సెమినార్. కొత్తల పండుగ గురించి అందరూ రాసిందే నువ్వూ రాశావు, కొత్త సంగతి ఒక్కటీ లేదు అని అంతకు ముందు సెమినార్‌లో అధ్యాయాన్ని తిప్పి పంపారు. ఈసారీ నిలబడకపోతే సత్తుపల్లి పోయి బీఈడీ చేసుకోవడమే అని బస్సులోనే నాతో అంది. ఆ మాట మాత్రం నేను విన్నాను.

ఆమె కన్నయ్య దగ్గరికి పరుగెత్తింది. "అవ్. సుట్టం తింటడు" అన్నాడాయన. వాగు అవతల యాకూబ్ చేత అడిగించింది. అక్కడా ఒక ముసలాయన అదే చెప్పాడు. పైగా బస్సు సంగతి కూడా కలిపాడు. మూడు నోళ్ళు పూర్తయ్యాయి. వసంత పదకొండు పేజీలు రాసింది.

నేను ఉండబట్టలేక ఆమెను పక్కకు పిలిచాను. "అమ్మాయ్ వసంతా, ఆ ఆచారం నేను కల్పించింది."

"మాస్టారూ, మీరు ఊరుకోండి. బస్సుకంటే ముందు పరుగెత్తింది కూడా మీరేగా?"

"అది వేరు. ఇది నిజంగా కల్పించాను."

"ముగ్గురి నోటా మీరే పలికించారా? వాగు అవతలి తాత మిమ్మల్ని చూడను కూడా లేదు!"

నిజమే. ఒకవేళ ఆ ఆచారం వీళ్ళకు ముందే ఉందా? నేను అబద్ధం అనుకుని నిజం చెప్పానా? ఇరవై రెండేళ్ళ నా అనుభవంలో అలాంటి ప్రమాదం ఎప్పుడూ జరగలేదు. ముత్తమ్మనే అడుగుదామని వెళ్ళాను. ఆమె నాకో విస్తరి చూపించి, "సారూ, నీ కుట్టు కంటే నీ మాట గట్టిది" అంది. అది పొగడ్తో తిట్టో అర్థం కాలేదు.

నాలుగో రోజు: కొత్తలు

ఊరి చివర దేవత గద్దె దగ్గర అందరూ చేరారు. డోలు మోగింది. ఇంటికొకటి చొప్పున తెచ్చిన కాయలు కుప్ప పోశారు. పూజారి దేవతకు చెప్పుకున్నాడు, కాయ కోశాడు. మా ఊరి చర్చిలో కూడా మొదటి కంకులు తెచ్చి ముందు పెడతారు. అయితే ఇంటి దగ్గర అప్పటికే పచ్చడి అయిపోయి ఉంటుంది. ఇక్కడ ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, అందరూ ఆ ముక్క కోసం నిజంగానే ఆగి ఉన్నారు. నెలనుంచి చెట్ల కింద నడుస్తూ ఆగి ఉన్నారు.

అప్పుడు కన్నయ్య నన్ను పిలిచాడు. "సారూ, ముందటికి రా."

అందరూ చూస్తుండగా మొదటి ముక్క నా అరచేతిలో పెట్టాడు. "తిను. సుట్టంవి."

వసంత ఫోటో తీసింది. పెద్ద సార్ కళ్ళజోడు సవరించుకున్నారు. నేను తిన్నాను. ఏ రుచీ తెలియలేదు. నా నోటినుంచి ఊడిపడ్డ అబద్ధం నా కళ్ళముందే ఊరి ఆచారమై డోలు చప్పుడుతో నడిచింది. ఇక అది అబద్ధమని ఎవరికి చెప్పను? నాకే నమ్మకం పోతోంది.

ఆ సాయంత్రం నోటుబుక్కుల చదువు వాయిదా పడింది. నాకు కడుపునొప్పి. యాకూబ్ వచ్చి చూసి, "కోపం గిన దిగిందా సార్? రేపు బస్సుల కిటికీ పక్కన కూసోండ్రి" అన్నాడు.

ఐదో రోజు: చదివి వినిపించడం

ఊరి పాక కింద సమావేశం. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మేం మధ్యలో బెంచీ మీద. వసంత చదివింది. పండుగ వరుసలో కన్నయ్య రెండు తప్పులు దిద్దాడు. ముత్తమ్మ ఒక చెట్టు పేరు మార్పించింది. తరువాత చుట్టం పేజీలు వచ్చాయి. పదకొండో పేజీ అయ్యాక పెద్ద సార్ అడిగారు: "ఇది సరిగ్గానే ఉందా? ఏమైనా తేడా ఉంటే చెప్పండి."

కన్నయ్య పాక కప్పును చూశాడు. ముత్తమ్మ నన్ను చూసింది. ఇక్కడ ఎవరూ నోరు విప్పకపోతే ఆ పదకొండు పేజీలు సెమినార్‌కు పోతాయి, అచ్చవుతాయి, ఏదో ఒకరోజు ఎవరో వచ్చి ఆ ఊరినే అడుగుతారు, అప్పుడు వసంత పరువు పోతుంది.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. తెల్లవారుజామునే తునికాకు కల్లం దాకా నడిచి, అక్కడ ఆకు కట్టలు ఎండబెడుతున్న ఒకామె దగ్గర బేరమాడి ఎనభై రూపాయలకు కొన్న కోడిని సంచిలోంచి తీసి కన్నయ్య ముందు పెట్టాను.

"పటేలా, కొత్తలు కాకముందు కాయ తిన్నది నేను. ముదిగొండల అసొంటి ఆచారం లేదు. ఏ ఊర్లనూ లేదు. ఆ అమ్మాయి రాసింది నా అబద్ధం. ఊరికి తప్పు కడుతున్న."

పాక అంతా ఊపిరి వదిలింది. కన్నయ్య మొదటిసారి నవ్వాడు.

"ఎరికేనే సారూ. చెట్టు కిందనే ఎరికయ్యింది."

"మరి పండుగ నాడు నా చేతిలో ముక్క ఎందుకు పెట్టినవ్?"

"నువ్వు మా ఇంటికొచ్చిన సుట్టంవి. నీ మాట అబద్ధమైతే సిగ్గు ఎవరికి? మాకు. అందుకే నీ మాటను నిజం చేసినం. వాగు అవతలోళ్ళకు గూడ కబురు పంపినం."

వసంత ముఖం తెల్లబోయింది. నోటుబుక్కు మూసింది. "నాకెందుకు అలా చెప్పావు అమ్మమ్మా? నేను నిన్ను నమ్మి రాసుకున్నాను."

"బిడ్డా, నీ ఎంబడొచ్చిన పెద్దాయిన దొంగతనంగ కాయ తిన్నడని నీకెట్ల చెప్త? నువ్వు తల ఎత్తుకుంటవా? ఆయినే చెప్పాలె, మేం చెప్పొద్దు. మూడొద్దులు సూసినం."

వసంత పేజీలు చింపబోయింది. "చింపకు" అన్నారు పెద్ద సార్. ఆ పిల్ల చెయ్యి వెనక్కు తీసుకుంది. తరువాత కళ్ళు తుడుచుకుని కొత్త పేజీ తిప్పింది.

"అమ్మమ్మా, ఇంతకు ముందు కూడా ఏ చుట్టానికైనా ఇలా చేశారా?"

అంతే, పాక పగిలిపోయేట్టు నవ్వులు. ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఎప్పుడో భూమి కొలవడానికి వచ్చిన ఒకాయన తెలియక దేవత గద్దె మీద కూర్చుంటే, ఆయన లేచేదాకా ఊరంతా ఎదురుగా నిలబడి డోలు కొట్టిందట, అది స్వాగతమని ఆయన మురిసిపోయాడట. ఇంకెవరో చావు ఇంట్లో పెండ్లి పాట పాడమని అడిగితే పాడారట. వసంత రాస్తూనే ఉంది. పెన్ను అయిపోతే నాది తీసుకుంది. రెండు పూటల బస్సులు పోయాయి.

తిరుగు దారి

బస్సులో వసంత టేకులపల్లి దాకా తన నోటుబుక్కే తిరగేసింది. ఇల్లందులో టీ తాగాక అంది: "మాస్టారూ, మీరు నిజం చెప్పినప్పుడు కూడా నమ్మలేదు కదా నేను. 'ఎవరు చెప్పారు' అని రాసుకున్నాను, 'ఎందుకు చెప్పారు' అని రాసుకోలేదు."

సెమినార్‌లో ఆ అధ్యాయం నిలబడింది. పండుగ గురించి కాదు, చుట్టం తప్పును ఊరు ఎలా కప్పుతుందో, ఆ చుట్టమే నోరు విప్పేదాకా ఎలా ఎదురుచూస్తుందో దాని గురించి. కొత్త సంగతి అని అందరూ ఒప్పుకున్నారు. ఆమె ఇప్పుడు డాక్టర్ వసంత.

ఒప్పుకోలు

ఇందులో ఒకటి కల్పించాను. ఇల్లందులో నా నీడ బల్ల కిందికి పోయి కూర్చున్నది నిజం. బస్సుకంటే ముందు నేను ఇల్లందు చేరింది కూడా నిజమే, ఆ రోజు బస్సుకు పంక్చరు. కల్పించింది, నేను లేచి నిలబడి మాట్లాడానని రాశాను చూడండి, అది.

ఆ తెల్లవారుజామున నేను ఏ కల్లానికీ పోలేదు. జీవితంలో ఎప్పుడూ కోడిని బేరమాడలేదు. సంచి సర్దుకుంటుంటే ముత్తమ్మ వచ్చింది. నల్ల చుక్కల కోడి కాళ్ళు కట్టి నా సంచిలో పెట్టింది. అప్పటిదాకా సారూ అన్న మనిషి, మొదటిసారి వేరే పిలుపు పిలిచింది.

"తమ్ముడా, రెండొద్దుల సంది నీకు బువ్వ దిగుతలేదు. కోడి నేనిస్త. నోరు నువ్వు తెరువు."

పాక కింద పెద్ద సార్ అడిగినప్పుడు నేను తెరవలేదు. చెప్పు పక్కన పోతున్న చీమలను చూస్తూ కూర్చున్నాను. వసంత పేజీలు సర్దుకుంటోంది. అంతా అయిపోబోతోంది. అప్పుడు నా సంచిలో కోడి కెక్కుమంది. కట్టు ఊడి బయటికి దూకింది. అందరూ నా వైపు తిరిగారు. నేను దాన్ని పట్టుకోవడానికి లేచాను. నేను లేచింది అందుకే. ఆ ఉపన్యాసం మొత్తంలో నా నోట నిజంగా వచ్చిన మాట ఒక్కటే: "నేనే."

మిగతాదంతా పైన రాసినట్టే జరిగింది. ఒక్కటి వదిలేశాను. ఐదు రోజులూ మనుషులను తప్ప కోళ్ళను చూడని వసంత మధ్యలో తల ఎత్తి, "ఈ కోడి ఎవరిది?" అని అడిగింది.

"సారుదే. కల్లం కాడ కొన్నడు" అంది ముత్తమ్మ.

ఆ ఊళ్ళో ఏ కోడి ఎవరిదో తెలియని మనిషి ఉండడు. కన్నయ్య తల ఊపాడు. ఆయన పక్కాయన తల ఊపాడు. వరుసగా పాకంతా తల ఊపింది. నేను కూడా ఊపాను.

'అతిథి తాను కొని తెచ్చిన కోడిని ఇచ్చి తప్పు ఒప్పుకున్నాడు' అని వసంత పుస్తకంలో అచ్చయింది. మూడు నోళ్ళు చెప్పాయి మరి.

డాక్టరమ్మా, ఆ వాక్యం దిద్దుకో. ఆ కోడి ముత్తమ్మది.